కంప్యూటరులో మాల్వేర్ తొలగింపు

మాల్వేర్ తొలగింపు అనగా కంప్యూటరు యజమానికి తెలియకుండా, అతని సమ్మతి లేకుండా అందులో ప్రవేశించి హాని కలిగించే సాఫ్టువేరును గుర్తించి, దాని పనిని ఆపి, కంప్యూటరును తిరిగి నమ్మదగిన స్థితికి తెచ్చే ప్రక్రియ. వైరస్‌లు, వార్మ్‌లు, ట్రోజన్‌లు, రూట్‌కిట్‌లు, స్పైవేర్, రాన్సమ్‌వేర్ మొదలైనవన్నీ మాల్వేర్ అనే పేరు కిందికి వస్తాయి. సామాన్యమైన మాల్వేర్‌ను యాంటీవైరస్ ప్రోగ్రామే తొలగించగలదు. అయితే యాంటీవైరస్‌ను పనిచేయనీయని, నిర్వహణ వ్యవస్థ లోతుల్లో దాగి ఉండే, లేదా ఫైళ్ళకు తాళం వేసే మాల్వేర్ సోకినపుడు దానిని తీవ్రమైన సంక్రమణగా పరిగణిస్తారు. అటువంటి సందర్భంలో కంప్యూటరును బాగుచేయడం కన్నా అందులోని సమాచారాన్ని, ఆ కంప్యూటరు ద్వారా వాడిన ఖాతాలను కాపాడుకోవడం ముఖ్యం.

తెలుగు రాష్ట్రాలలో ఇటువంటి దాడులకు ఇళ్ళలోని కంప్యూటర్లే కాక పోలీసు శాఖ, విద్యుత్ పంపిణీ సంస్థల వంటి ప్రజా వ్యవస్థలు కూడా గురయ్యాయి. వరంగల్లు కేంద్రంగా పనిచేసే ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ వాటిలో ఒకటి.

పదము, రకాలు

"మాల్వేర్" అనే పదాన్ని 1990లో ఇజ్రాయెల్‌కు చెందిన యిస్రాయెల్ రాదాయ్ మొదట వాడినట్లు చెబుతారు. హాని తలపెట్టే సాఫ్టువేరు అని దీని అర్థం. వ్యవహారంలో అన్నిటినీ కలిపి "వైరస్" అంటున్నప్పటికీ, సాంకేతికంగా వీటి మధ్య భేదాలున్నాయి. తొలగించే పద్ధతి ఆ భేదాన్ని బట్టి మారుతుంది.

వైరస్: మరొక ఫైలుకు అంటుకుని, ఆ ఫైలును తెరచినపుడు వ్యాపించేది.
వార్మ్: ఎవరూ ఏమీ తెరవకుండానే నెట్‌వర్కు ద్వారా గాని, పెన్‌డ్రైవు ద్వారా గాని తనంతట తాను వ్యాపించేది.
ట్రోజన్: ఉపయోగకరమైన ప్రోగ్రాము వేషంలో వచ్చి లోపల మరొక పని చేసేది.
రూట్‌కిట్: తనను, తనతో వచ్చిన ఇతర మాల్వేర్‌ను నిర్వహణ వ్యవస్థకు కనపడకుండా దాచేది.
స్పైవేర్: సంకేతపదాలను, బ్యాంకు వివరాలను, బ్రౌజరులో దాగి ఉన్న సమాచారాన్ని దొంగిలించి బయటకు పంపేది.
రాన్సమ్‌వేర్: ఫైళ్ళను గుప్తీకరించి, వాటిని తిరిగి తెరవడానికి డబ్బు అడిగేది.

ఒకే దాడిలో వీటిలో రెండు మూడు కలిసి రావడం సాధారణం. ఉదాహరణకు ట్రోజన్ రూపంలో వచ్చినది మొదట సంకేతపదాలను దొంగిలించి, ఆ తరువాత ఫైళ్ళకు తాళం వేయవచ్చు.

చరిత్ర

1971లో అర్పానెట్‌లో తిరిగిన "క్రీపర్" ప్రయోగాత్మకమైనది, హాని చేయనిది. వ్యక్తిగత కంప్యూటర్లలో బయట వ్యాపించిన తొలి వైరస్‌లలో 1982లో ఆపిల్-2 కంప్యూటర్ల కోసం వ్రాయబడిన "ఎల్క్ క్లోనర్" ఒకటి. ఐబీఎం తరహా వ్యక్తిగత కంప్యూటర్లకు సోకిన మొదటి వైరస్ "బ్రెయిన్". దీనిని 1986లో పాకిస్తాన్‌లోని లాహోరు నగరానికి చెందిన ఇద్దరు సోదరులు వ్రాశారు. ఫ్లాపీల ద్వారా అది ఖండాలు దాటింది.

తీవ్రమైన హానికి తొలి ఉదాహరణలలో ఒకటి 1998లో బయటపడిన సీఐహెచ్ వైరస్. దీనికే చెర్నోబిల్ వైరస్ అని పేరు. 1999 ఏప్రిల్ 26న ఇది అనేక దేశాలలో హార్డుడిస్కుల ప్రారంభ భాగాన్ని చెరిపివేయడమే కాక, కొన్ని మదర్‌బోర్డుల బయాస్‌ను సైతం పాడుచేసింది. 2000 మేలో "ఐ లవ్ యూ" వార్మ్ ఈ-మెయిలు ద్వారా, 2003 ఆగస్టులో "బ్లాస్టర్", 2004లో "సాసర్" విండోస్ లోపాల ద్వారా వ్యాపించాయి. 2008 నవంబరులో కనిపించిన "కాన్ఫికర్" యాంటీవైరస్ సంస్థల జాలస్థలాలను తెరవనీయకుండా, విండోస్ నవీకరణలు రాకుండా అడ్డుకునేది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ 2008 అక్టోబరు 23నే సవరణ విడుదల చేసింది. ఆ సవరణను స్థాపించుకోని కంప్యూటర్లే ప్రధానంగా దాని బారిన పడ్డాయి.

2013లో వచ్చిన "క్రిప్టోలాకర్" తరువాత రాన్సమ్‌వేర్ పెద్ద వ్యాపారంగా మారింది. 2017 మే 12న మొదలైన "వన్నాక్రై" సుమారు 150 దేశాలకు పాకింది. ఇది వాడుకున్న లోపానికి కూడా దాదాపు రెండు నెలల ముందు, అనగా 2017 మార్చి 14న, సవరణ వెలువడింది. అదే సంవత్సరం జూన్ 27న వచ్చిన "నాట్‌పెట్యా" ముంబయి సమీపంలోని జవహర్‌లాల్ నెహ్రూ ఓడరేవులో ఒక టెర్మినల్ పనిని స్తంభింపజేసింది. 2022 నవంబరు 23న ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ సర్వర్లపై జరిగిన దాడి వలన ఆసుపత్రి సేవలు చాలా రోజులు కాగితాల మీద నడపవలసి వచ్చింది.

తెలుగు రాష్ట్రాలలో

వన్నాక్రై వ్యాపించిన మరునాడే, 2017 మే 13న, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లకు అది సోకినట్లు వార్తలు వెలువడ్డాయి. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాలలోని పోలీసు విభాగాలు దాని ప్రభావానికి లోనయ్యాయి.

2019 మే మొదటి వారంలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్ వ్యవస్థలపై రాన్సమ్‌వేర్ దాడి జరిగినట్లు వెల్లడైంది. ఆనాటికి రెండు రాష్ట్రాలలో కలిపి నాలుగు పంపిణీ సంస్థలుండేవి. వాటిలో ఉత్తర తెలంగాణ జిల్లాలకు విద్యుత్తు పంపిణీ చేసే సంస్థ ప్రధాన కార్యాలయం వరంగల్లు నగరంలో భాగమైన హనుమకొండలో ఉంది. దాడి వలన ఈ సంస్థల జాలస్థలాల సేవలకు అంతరాయం కలిగింది. విద్యుత్ బిల్లు చెల్లింపు, కొత్త కనెక్షను, ఫిర్యాదు మొదలైన పనులు అంతర్జాలం మీదికి మారిన తరువాత, సర్వర్ల మీద జరిగే దాడి సామాన్య వినియోగదారుని దాకా ఎలా చేరుతుందో తెలుపుటకు ఇది ఒక ఉదాహరణ.

వరంగల్లులో 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల (2002 నుండి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ), 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. విద్యార్థులు అధికంగా ఉండే ఇటువంటి నగరాలలో ప్రాజెక్టు నివేదికను పెన్‌డ్రైవులో పెట్టుకుని జిరాక్సు కేంద్రానికో, డీటీపీ కేంద్రానికో తీసుకువెళ్ళి ముద్రించుకోవడం సర్వసాధారణం. రోజుకు ఎన్నో పెన్‌డ్రైవులు తగిలించే కంప్యూటరుకు ఒకసారి వార్మ్ సోకితే, ఆ రోజు వచ్చినవారి పెన్‌డ్రైవులన్నిటికీ అది అంటుతుంది. వాటి ద్వారా వసతి గృహాలకు, ప్రయోగశాలలకు, ఇళ్ళకు చేరుతుంది.

తెలుగు అక్షరకూర్పులో మరొక ప్రత్యేక సమస్య ఉంది. డీటీపీ కేంద్రాలలో చాలాకాలం పాటు పేజ్‌మేకర్, అను ఫాంట్లు వాడుకలో ఉన్నాయి. పేజ్‌మేకర్ చివరి సంచిక అయిన 7.0 2001లో విడుదలైంది. పాత ప్రోగ్రాముల కోసం పాత విండోస్‌ను, పాత విండోస్ కోసం పాత కంప్యూటరును అట్టిపెట్టుకోవలసి వచ్చింది. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సహాయం 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు 2020 జనవరి 14తో, విండోస్ 10కి సాధారణ సహాయం 2025 అక్టోబరు 14తో ముగిశాయి. సహాయం ముగిసిన వ్యవస్థలో కొత్తగా బయటపడే లోపాలు అలాగే మిగిలిపోతాయి. అటువంటి కంప్యూటరును వాడక తప్పనపుడు దానికి అంతర్జాల సంబంధం తొలగించి, కేవలం అక్షరకూర్పుకే ఉంచడం మేలు.

సోకే మార్గాలు

మాల్వేర్ కంప్యూటరులోకి ప్రవేశించే ముఖ్యమైన మార్గాలు ఈ క్రింది విధంగా ఉన్నాయి.

1. పెన్‌డ్రైవులు: పూర్వం విండోస్‌లో పెన్‌డ్రైవు తగిలించగానే అందులోని "ఆటోరన్" ఫైలు సూచించిన ప్రోగ్రాము నడిచే వీలుండేది. 2000ల దశకంలో అనేక వార్మ్‌లు ఈ సదుపాయాన్ని వాడుకున్నాయి. విండోస్ 7లోను, 2011 ఫిబ్రవరి నవీకరణతో ఎక్స్‌పీ, విస్టాలలోను దీనిని నిలిపివేశారు. ఆ తరువాత వచ్చిన వార్మ్‌లు పెన్‌డ్రైవులోని అసలు ఫోల్డర్లను దాచి, అదే పేరుతో షార్ట్‌కట్‌లను ఉంచే పద్ధతిని అనుసరించాయి. వాడుకరి తన ఫోల్డరే అనుకుని నొక్కగా వార్మ్ నడుస్తుంది.
2. దొంగ ప్రతులు: ఖరీదైన సాఫ్టువేరును ఉచితంగా వాడుకొనుటకు దింపుకునే "క్రాక్", "కీజెన్" ఫైళ్ళలో ట్రోజన్‌లు దాగి ఉంటాయి. 2018 నుండి వ్యాపించిన "స్టాప్" అనే రాన్సమ్‌వేర్ ప్రధానంగా ఈ దారినే వచ్చింది. ఇటువంటి ఫైళ్ళతో పాటు "ముందుగా యాంటీవైరస్‌ను ఆపివేయండి" అనే సూచన ఉంటుంది. వాడుకరి తన చేతితోనే కాపలాను తొలగించినట్లవుతుంది.
3. ఈ-మెయిలు జోడింపులు: రశీదు, కొరియర్ సమాచారం, ఉద్యోగ నియామక పత్రం, పన్ను నోటీసు వంటి పేర్లతో వచ్చే ఫైళ్ళు.
4. నవీకరించని వ్యవస్థలు: నెట్‌వర్కులో ఉన్నంత మాత్రాన, ఎవరూ ఏ ఫైలును తెరవకుండానే వన్నాక్రై వంటివి సోకగలవు.
5. బూటకపు హెచ్చరికలు: "మీ కంప్యూటరుకు వైరస్ సోకింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని బ్రౌజరులో కనిపించే ప్రకటనలు, యాంటీవైరస్ వేషంలోని ట్రోజన్‌లు.

లక్షణాలు

కంప్యూటరు నెమ్మదించిన ప్రతిసారీ మాల్వేర్ ఉన్నట్లు కాదు. హార్డుడిస్కు పాడవడం, మెమరీ చాలకపోవడం, వేడెక్కడం వలన కూడా ఇదే జరుగుతుంది. ఈ క్రింది లక్షణాలు ఉన్నపుడు మాత్రం సంక్రమణను అనుమానించాలి.

యాంటీవైరస్ తనంతట తాను ఆగిపోవడం, తిరిగి ప్రారంభం కాకపోవడం.
ఇతర జాలస్థలాలు తెరుచుకుంటున్నా యాంటీవైరస్ సంస్థలవి, మైక్రోసాఫ్ట్‌వి మాత్రం తెరుచుకోకపోవడం.
టాస్క్ మేనేజరు, రిజిస్ట్రీ ఎడిటరు తెరవబోతే "నిర్వాహకుడు నిలిపివేశాడు" అని రావడం.
సేఫ్ మోడ్‌లోకి వెళ్ళలేకపోవడం. 2003 నుండి తిరిగిన "సాలిటీ" వైరస్ సేఫ్ మోడ్‌కు కావలసిన రిజిస్ట్రీ భాగాలనే చెరిపివేసేది.
పెన్‌డ్రైవులో ఫోల్డర్ల స్థానంలో షార్ట్‌కట్‌లు కనిపించడం.
ఫైళ్ళ పేర్ల చివర కొత్త అక్షరాలు చేరి, అవి తెరుచుకోకపోవడం. ప్రతి ఫోల్డరులోను డబ్బు అడుగుతూ ఒక పాఠ్య ఫైలు ఉండడం.
వాడుకరి పంపని సందేశాలు అతని ఈ-మెయిలు, సామాజిక మాధ్యమ ఖాతాల నుండి వెళ్ళడం.

దొంగతనమే పనిగా పెట్టుకున్న స్పైవేర్ సాధారణంగా ఏ లక్షణాన్నీ చూపదు. తన పని ముగించుకుని తనను తానే చెరిపివేసుకునే రకాలు కూడా ఉన్నాయి. కావున లక్షణాలు లేకపోవడం ఆరోగ్యానికి నిదర్శనం కాదు.

మొదట చేయవలసిన పనులు

తీవ్రమైన సంక్రమణను గుర్తించిన వెంటనే నష్టం పెరగకుండా ఆపాలి. చికిత్స ఆ తరువాతి మాట.

నెట్‌వర్కు తెంచడం: లాన్ తీగను ఊడదీసి, వైఫైని ఆపివేయాలి. దీనివలన దొంగిలించిన సమాచారం బయటకు పోవడం, మాల్వేర్ ఇతర కంప్యూటర్లకు పాకడం ఆగుతాయి.

డిస్కులు వేరుచేయడం: తగిలించి ఉన్న బాహ్య హార్డుడిస్కులను, పెన్‌డ్రైవులను తీసివేయాలి. భయంతో వెంటనే ఫైళ్ళను కాపాడుకోవాలని ఉన్న ఒక్క నకలు డిస్కును తెచ్చి తగిలించడం చాలామంది చేసే పొరపాటు. రాన్సమ్‌వేర్ అయితే ఆ నకలుకు కూడా తాళం పడుతుంది.

ఆపివేయాలా, ఉంచాలా: ఫైళ్ళకు తాళం పడుతుండగా గమనిస్తే, మిగిలినవి దక్కించుకొనుటకు కంప్యూటరును వెంటనే ఆపివేయవచ్చు. తాళం వేయడం అప్పటికే పూర్తయి ఉంటే తొందరపడి తిరిగి ప్రారంభించకపోవడం మంచిది. 2017 మేలో వన్నాక్రై సోకిన కొన్ని ఎక్స్‌పీ కంప్యూటర్లలో, తిరిగి ప్రారంభించని పక్షంలో, తాళంచెవిని రూపొందించిన సంఖ్యలు మెమరీలో మిగిలి ఉన్నట్లు పరిశోధకులు కనుగొని, వాటితో ఫైళ్ళను తెరిచే పనిముట్టును తయారుచేశారు.

సంకేతపదాలు మార్చడం: ఈ పనిని మరొక శుభ్రమైన కంప్యూటరు లేదా ఫోను నుండి మాత్రమే చేయాలి. సోకిన కంప్యూటరులో కొత్త సంకేతపదం టైపు చేస్తే అది కూడా దొంగ చేతికి చిక్కుతుంది. మొదట ఈ-మెయిలు, పిదప బ్యాంకు, ఆ తరువాత మిగిలినవి మార్చాలి. ఈ-మెయిలు చేతిలో ఉన్నవారు ఇతర ఖాతాల సంకేతపదాలను మార్చగలగడమే ఈ వరుసకు కారణం. బ్రౌజరులోని కుకీలను దొంగిలించినవారు సంకేతపదం లేకుండానే ఖాతాలోకి ప్రవేశించగలరు. అందువలన "అన్ని పరికరాల నుండి నిష్క్రమించు" అనే సదుపాయాన్ని కూడా వాడాలి.

ఆధారాలు భద్రపరచడం: డబ్బు అడిగే సందేశాన్ని ఫోనుతో ఫొటో తీసి ఉంచాలి. రాన్సమ్‌వేర్ రకాన్ని గుర్తించడానికి, ఫిర్యాదుకు అది అవసరమవుతుంది.

శుభ్రపరచే పద్ధతులు

సోకిన వ్యవస్థలో నుండి ఆ వ్యవస్థనే పరీక్షించడంలో ఒక మౌలికమైన చిక్కు ఉంది. ఏయే ఫైళ్ళున్నాయని యాంటీవైరస్ నిర్వహణ వ్యవస్థను అడుగుతుంది. నిర్వహణ వ్యవస్థ రూట్‌కిట్ అధీనంలో ఉంటే, దాచవలసినవి దాచి తక్కినవి మాత్రమే చూపుతుంది. కావున తీవ్రత పెరిగిన కొద్దీ బయటి నుండి పరీక్షించే పద్ధతులను ఆశ్రయించాలి.

సేఫ్ మోడ్: అత్యవసరమైన భాగాలతో మాత్రమే విండోస్‌ను ప్రారంభించే విధానం. ఎక్స్‌పీ, విండోస్ 7లలో కంప్యూటరు ప్రారంభమయ్యేటపుడు ఎఫ్8 మీటను నొక్కి, విండోస్ 10, 11లలో షిఫ్ట్ మీటను నొక్కిపట్టి "రీస్టార్ట్"ను ఎంచుకుని దీనిలోకి వెళ్ళవచ్చు. చాలా రకాల మాల్వేర్ ఈ స్థితిలో నడవదు కనుక తొలగించడం సులభమవుతుంది.

ఆఫ్‌లైన్ పరీక్ష: విండోస్ 10, 11లలోని డిఫెండర్‌కు "ఆఫ్‌లైన్ స్కాన్" సదుపాయం ఉంది. ఇది కంప్యూటరును తిరిగి ప్రారంభించి, విండోస్ పూర్తిగా నడవకముందే డిస్కును పరీక్షిస్తుంది.

రక్షక డిస్కు: యాంటీవైరస్ సంస్థలు ఉచితంగా అందించే, సాధారణంగా లినక్స్ మీద నడిచే సాధనం. శుభ్రమైన కంప్యూటరులో దీనిని పెన్‌డ్రైవు మీద తయారుచేసి, సోకిన కంప్యూటరును దానితో ప్రారంభించాలి. అప్పుడు సోకిన విండోస్ అసలు నడవదు. అందులోని మాల్వేర్ కదలలేని స్థితిలో ఉంటుంది.

పెన్‌డ్రైవు శుభ్రపరచడం: షార్ట్‌కట్ వార్మ్ సోకిన పెన్‌డ్రైవులో అసలు ఫైళ్ళు చాలా సందర్భాలలో పోవు, దాగి మాత్రమే ఉంటాయి. లినక్స్‌తో నడిచే కంప్యూటరులో వాటిని నేరుగా చూడవచ్చు. విండోస్‌లో "ఆట్రిబ్" ఆదేశంతో దాచిన గుర్తును తీసివేయవచ్చు. దస్త్రాలను కాపీ చేసుకున్న తరువాత పెన్‌డ్రైవును ఫార్మాట్ చేయాలి. ఇది తెలియక ఫైళ్ళు పోయాయనుకుని ముందే ఫార్మాట్ చేసి, నిజంగానే పోగొట్టుకునేవారు ఉన్నారు.

ఒకేసారి రెండు యాంటీవైరస్ ప్రోగ్రాములను స్థాపించి నడపరాదు. అవి ఒకదానికొకటి అడ్డుపడతాయి. స్థాపించిన ఒకదానికి తోడు, అడిగినపుడు మాత్రమే పరీక్షించే మరొక సాధనాన్ని వాడవచ్చు.

"సిస్టమ్ రిస్టోర్" వలన పూర్తి ప్రయోజనం ఉండదు. అది వ్యక్తిగత ఫైళ్ళను వెనుకటి స్థితికి తీసుకురాదు. చాలా రకాల రాన్సమ్‌వేర్ తాళం వేయడానికి ముందే విండోస్ దాచి ఉంచే నకళ్ళను చెరిపివేస్తుంది.

పూర్తి పునఃస్థాపన

రూట్‌కిట్ సోకినపుడు, వందల కొద్దీ ప్రోగ్రాము ఫైళ్ళకు వైరస్ అంటుకున్నపుడు, శుభ్రపరచిన తరువాత లక్షణాలు తిరిగి కనిపించినపుడు, బ్యాంకు లావాదేవీలకు వాడే కంప్యూటరు అయినపుడు డిస్కును పూర్తిగా చెరిపి విండోస్‌ను మళ్ళీ స్థాపించడమే సరైన మార్గం. యాంటీవైరస్ ఏమి తొలగించిందో చెప్పగలదు కాని, ఏమీ మిగలలేదని హామీ ఇవ్వలేదు.

దీని క్రమం ఇలా ఉంటుంది.

1. రక్షక డిస్కుతో గాని లినక్స్ లైవ్ డిస్కుతో గాని కంప్యూటరును ప్రారంభించి, పత్రాలు, ఫొటోలు, ధ్వని, దృశ్య ఫైళ్ళను మాత్రమే ఖాళీ డిస్కుకు కాపీ చేయాలి. ప్రోగ్రాములను, స్థాపక ఫైళ్ళను, స్క్రిప్టులను కాపీ చేయరాదు.
2. శుభ్రమైన కంప్యూటరులో మైక్రోసాఫ్ట్ అధికారిక జాలస్థలి నుండి స్థాపక పెన్‌డ్రైవును తయారుచేయాలి. దీనికి 8 గిగాబైట్ల పెన్‌డ్రైవు సరిపోతుంది.
3. స్థాపన సమయంలో డిస్కులోని పాత విభాగాలన్నిటినీ తొలగించి కొత్తగా సృష్టించాలి. సి-డ్రైవును మాత్రమే ఫార్మాట్ చేసి డి-డ్రైవును అలాగే ఉంచితే, అందులో మిగిలిన మాల్వేర్‌తో మళ్ళీ సోకే అవకాశం ఉంది.
4. నవీకరణలన్నీ స్థాపించిన తరువాతనే కాపీ చేసిన ఫైళ్ళను పరీక్షించి, తిరిగి తెచ్చుకోవాలి. మాక్రోలు గల వర్డ్, ఎక్సెల్ పత్రాల విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం.
5. సంకేతపదాలను మరొకసారి మార్చాలి.

మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లో దాగే మాల్వేర్ డిస్కును చెరిపినా పోదు. 2018లో వెల్లడైన "లోజాక్స్" ఈ తరహాకు చెందినది. అయితే ఇవి అరుదు. సాధారణ వాడుకరుల కంటే ప్రభుత్వ సంస్థల వంటివే వీటికి లక్ష్యాలు.

పాత తెలుగు అక్షరకూర్పు ఫైళ్ళను దాచుకొనేటపుడు వాటితో పాటు వాడిన ఫాంట్ల వివరాలను, పీడీఎఫ్ ప్రతిని కూడా ఉంచుకోవాలి. అను వంటి పాత ఫాంట్లలో కూర్చిన పాఠ్యం యూనికోడ్‌లో ఉండదు. పునఃస్థాపన తరువాత ఆ ఫాంటు లేకపోతే ఫైలు క్షేమంగా ఉన్నా అందులో అక్షరాలకు బదులు అర్థం లేని గుర్తులే కనిపిస్తాయి.

రాన్సమ్‌వేర్ సోకినపుడు

రాన్సమ్‌వేర్‌లో రెండు సమస్యలున్నాయి. మాల్వేర్‌ను తొలగించడం మొదటిది, ఇది కష్టం కాదు. తాళం పడిన ఫైళ్ళను తెరవడం రెండవది. మాల్వేర్‌ను తొలగించినంత మాత్రాన ఫైళ్ళు తెరుచుకోవు. సరిగా అమలు చేసిన గుప్తీకరణను తాళంచెవి లేకుండా ఛేదించడం ఆచరణలో అసాధ్యం.

2016 జూలైలో నెదర్లాండ్స్ పోలీసులు, యూరోపోల్, రెండు యాంటీవైరస్ సంస్థలు కలిసి "నో మోర్ రాన్సమ్" అనే ఉచిత సేవను ప్రారంభించాయి. తాళం పడిన ఒక ఫైలును, డబ్బు అడిగిన సందేశాన్ని అక్కడ సమర్పిస్తే రాన్సమ్‌వేర్ రకాన్ని గుర్తించి, దానికి విమోచన సాధనం ఉంటే చూపిస్తుంది. ఇప్పుడు సాధనం లేకపోయినా తాళం పడిన ఫైళ్ళను పారవేయక ఒక డిస్కులో భద్రపరచాలి. దొంగలు పట్టుబడినపుడో, వారి సర్వర్లు స్వాధీనమైనపుడో, లేదా వారి పనిలో లోపం బయటపడినపుడో తాళంచెవులు లభించిన సందర్భాలున్నాయి. స్టాప్ రాన్సమ్‌వేర్ పాత రకాలకు 2019 అక్టోబరులో ఉచిత సాధనం విడుదలైంది.

డబ్బు చెల్లించరాదని పోలీసులు, భద్రతా నిపుణులు సలహా ఇస్తారు. చెల్లించినా ఫైళ్ళు వస్తాయన్న హామీ లేదు. వన్నాక్రై 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్‌లు అడిగింది. కాని ఆ డబ్బు ఏ కంప్యూటరు యజమాని పంపాడో తనంతట తాను తెలుసుకునే ఏర్పాటు అందులో సరిగా లేదు. ఇంకొక కారణం, ఒకరు చెల్లించిన సొమ్ము తరువాతి దాడికి పెట్టుబడి అవుతుంది.

చట్టము, ఫిర్యాదు

భారతదేశంలో సమాచార సాంకేతిక చట్టం, 2000 లోని 43వ సెక్షను ప్రకారం ఇతరుల కంప్యూటరులో వైరస్ ప్రవేశపెట్టినవారు నష్టపరిహారం చెల్లించవలసి ఉంటుంది. మోసపూరితంగా లేదా దురుద్దేశంతో చేసినట్లయితే 66వ సెక్షను క్రింద మూడు సంవత్సరాల వరకు జైలుశిక్ష, లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

సైబరు నేరం ద్వారా డబ్బు పోయినపుడు వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. సొమ్ము ఖాతాలు మారి చేజారకముందే ఫిర్యాదు అందితే దానిని నిలిపివేసే అవకాశం ఉంటుంది. జాతీయ సైబరు నేరాల ఫిర్యాదు జాలస్థలిలో గాని, దగ్గరలోని పోలీసు స్టేషనులో గాని ఫిర్యాదు చేయవచ్చు.

2004లో ఏర్పడిన భారత కంప్యూటరు అత్యవసర స్పందన బృందం (సెర్ట్-ఇన్) దాడుల గురించి హెచ్చరికలు జారీచేస్తుంది. దాని ఆధ్వర్యంలో 2017 ఫిబ్రవరి 21న "సైబర్ స్వచ్ఛతా కేంద్రం" ప్రారంభమైంది. ఇక్కడ మాల్వేర్‌ను తొలగించే ఉచిత సాధనాలు, పెన్‌డ్రైవుల వాడకాన్ని నియంత్రించుటకు సి-డాక్ రూపొందించిన "యుఎస్‌బి ప్రతిరోధ్" లభిస్తాయి. 2022 ఏప్రిల్ 28న వెలువడిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమపై జరిగిన ఇటువంటి దాడులను గుర్తించిన 6 గంటలలోగా సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలి.

నివారణ

మూడు నకళ్ళు: ముఖ్యమైన సమాచారాన్ని మూడు ప్రతులుగా, రెండు వేర్వేరు రకాల సాధనాలలో, ఒకటి వేరొక చోట ఉండేటట్లు దాచాలి. కనీసం ఒక ప్రతి కంప్యూటరుకు తగిలించకుండా ఉండాలి. ఎల్లప్పుడూ తగిలించి ఉండే డిస్కు రాన్సమ్‌వేర్ దృష్టిలో నకలు కాదు, మరొక డ్రైవు మాత్రమే.
నవీకరణ: విండోస్, బ్రౌజరు నవీకరణలను ఆపివేయరాదు. కాన్ఫికర్, వన్నాక్రై రెండూ సవరణ విడుదలైన తరువాత వ్యాపించినవే.
పరిమిత ఖాతా: దైనందిన పనులకు నిర్వాహక హక్కులు లేని ఖాతాను వాడితే మాల్వేర్ చేయగల హాని తగ్గుతుంది.
అసలైన సాఫ్టువేరు: కొనలేనపుడు దొంగ ప్రతికి బదులు లిబ్రేఆఫీస్, గింప్, లినక్స్ వంటి స్వేచ్ఛా సాఫ్టువేరును వాడవచ్చు.
ముద్రణకు జాగ్రత్త: జిరాక్సు కేంద్రానికి ప్రత్యేకంగా ఒక పెన్‌డ్రైవును ఉంచుకుని, అందులో ముద్రించవలసిన పీడీఎఫ్ ప్రతిని మాత్రమే తీసుకువెళ్ళాలి. ప్రాజెక్టు అసలు ప్రతి ఉన్న పెన్‌డ్రైవును బయటి కంప్యూటర్లకు తగిలించరాదు.
పొడిగింపులు చూడడం: విండోస్‌లో ఫైళ్ళ పేర్ల చివరి భాగం కనిపించేటట్లు అమర్చుకోవాలి. అప్పుడు ఫొటో వేషంలో వచ్చిన ప్రోగ్రామును గుర్తించవచ్చు.
రెండంచెల ధ్రువీకరణ: ఈ-మెయిలు, బ్యాంకు ఖాతాలకు దీనిని అమర్చుకుంటే సంకేతపదం పోయినా ఖాతా వెంటనే చేజారదు.

ఇవి కూడా చూడండి

కంప్యూటరు వైరస్
యాంటీవైరస్
రాన్సమ్‌వేర్
సమాచార సాంకేతిక చట్టం, 2000
లినక్స్
యూనికోడ్